ఏడు మూరల మల్లెపూలు

చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చున్నాం, నేనూ మా అత్తయ్యా. మధ్యాహ్నం మూడు దాటింది. మా వారు లోపలి గదిలో తలుపేసుకుని మీటింగులో ఉన్నారు. అత్తయ్య తలెత్తకుండానే అన్నారు, "బొటానికల్ గార్డెన్ దగ్గర చాలాసేపు ఆగిపోయింది కదమ్మా బండి."

"ఏ బండి అత్తయ్యా?"

"అదే, నన్ను తీసుకెళ్ళిన అంబులెన్సు."

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఎందుకంటే ఆ అంబులెన్సులో ఆవిడకి స్పృహ లేదు. లేదని మాకు చెప్పారు. గొంతులోకి గొట్టం వేసి, చేతులూ కాళ్ళూ వాలిపోయి, కళ్ళు మూసుకుని ఉన్న మనిషి. నేను పక్కనే కూర్చున్నాను, నా కళ్ళతో చూశాను.

"ఆ కుర్రాడు, గాలి మిషను చూసేవాడు, వాళ్ళ పాప పుట్టినరోజట. కేకు షాపు కట్టేస్తారేమోనని డ్రైవరుతో ఒకటే గొడవ. పాపం, ఇంటికెళ్ళాడో లేదో," అన్నారు అత్తయ్య. తర్వాత కాసేపు ఊరుకుని, "నువ్వు మీ అక్కతో మాట్లాడావు," అన్నారు.

అంతే. ఇంకేమీ అనలేదు. చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

అసలు సంగతి మొదటి నుంచీ చెప్తాను. మేం ఉండేది కొండాపూర్లో. 2023 సెప్టెంబరులో, వర్షాల రోజుల్లో, అత్తయ్యకి ఆయాసం ముదిరింది. ఆవిడకి ఆస్తమా పాతదే, ముప్పై ఏళ్ళ నుంచీ ఉంది. ఇన్‌హేలరు, నెబ్యులైజరు మా ఇంట్లో మిక్సీ లాంటివి. కానీ ఈసారి జ్వరంతో మొదలై నిమ్ము చేసింది. ఇంటి దగ్గరున్న చిన్న ఆసుపత్రికి తీసుకెళ్తే సాయంత్రానికల్లా ఊపిరి అందక మనిషి నీలిబడింది. గొట్టం వేసి మిషను మీద పెట్టారు. మా దగ్గర ఐసీయూలో పెద్ద డాక్టరు లేరు, గచ్చిబౌలి వైపు పెద్దాసుపత్రిలో మంచం ఉంది, వెంటనే మార్చేయండి అన్నారు. మా వారు కారులో వెనకాల వచ్చారు. అంబులెన్సులో నేనెక్కాను.

ఐదు కిలోమీటర్ల దారి. ఆఫీసులు వదిలే వేళ, పైగా వాన. ఈ వైపు ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. మోకాలి లోతు నీళ్ళు, మధ్యలో ఆగిపోయిన క్యాబులు, సైరన్ మోగుతున్నా జరగడానికి చోటులేని బళ్ళు. దాదాపు యాభై నిమిషాలు పట్టింది.

ఆ యాభై నిమిషాల్లో నేను విజయవాడలో ఉన్న మా అక్కకి ఫోన్ చేశాను. అంతకు రెండేళ్ళ ముందు అత్తయ్య తుంటి ఎముక విరిగి మూడు నెలలు మంచాన ఉంటే అన్నీ నేనే చేశాను. నా నడుం అప్పుడు పోయింది, ఇప్పటికీ బెల్టు లేకుండా బట్టలు ఆరేయలేను. అదంతా గుర్తొచ్చిందో, భయమో, ఏమో. "మళ్ళీ మంచాన పడితే మాత్రం నా వల్ల కాదక్కా. ఇలాగే తేలిగ్గా వెళ్ళిపోతే ఆవిడకీ సుఖం, నాకూ సుఖం," అన్నాను. ఏడుస్తూ అన్నాను. అన్నది మాత్రం నిజం.

ఫోన్ పెట్టేసి చూస్తే అత్తయ్య కంటి కొన నుంచి నీరు చెవి వైపు కారుతోంది. చున్నీతో తుడిచాను. ఏసీ గాలికి అనుకున్నాను. మానిటరు మీద గుండె 140 కొట్టుకుంటోంది, ఆ కుర్రాణ్ణి అడిగితే "ఆయాసం మందులకి అలాగే ఉంటుంది మేడమ్" అన్నాడు. అతని తప్పూ లేదు, అతనికి అలాగే నేర్పి ఉంటారు.

తొమ్మిది రోజులు ఐసీయూ. బతికారు. ఇంటికొచ్చారు. కానీ వచ్చిన మనిషి వేరు. వెల్లకిలా పడుకోరు, కుర్చీలో కూర్చునే కునికేవారు. రాత్రంతా లైటు వెలగాల్సిందే. దుప్పటి మెడ దాకా కప్పితే తోసేసేవారు. ఒకరోజు కళ్ళలో చుక్కలు వేద్దామని రెప్ప మీద చేయి పెడితే నా చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నారంటే గాజు పగిలింది. "శవంలో ఉన్నట్టుండేది నాన్నా, లోపల నేనున్నాను, బయట శవం," అని మా వారితో చెప్పారు. ఆయన రివ్యూకి వెళ్ళినప్పుడు డాక్టరుని అడిగారు. ఐసీయూలో ఉన్న పెద్దవాళ్ళకి భ్రమలు, పీడకలలు మామూలేనట, నెమ్మదిగా పోతాయట. అది కూడా అబద్ధం కాదు, ఐసీయూలో చాలామందికి అలా జరుగుతుంది. మా వారు ఊరటపడ్డారు. "అమ్మకి కలలొచ్చాయట, నువ్వేం కంగారు పడకు," అని నాకు చెప్పారు.

కల కాదని తెలిసిన మనుషులం ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. ఆ కేకు మాట నిజమేనండీ, నేనూ విన్నాను అని ఒక్క మాట నేనంటే చాలు. కానీ అది నిజమైతే మిగతాదీ నిజమవుతుంది. ఇంకేం విన్నావమ్మా అని ఆయన అడుగుతారు. నేను నోరు మూసుకున్నాను. ఆవిడా మూసుకున్నారు. కొడుకు తన మాట నమ్మకపోయినా సరే, నమ్మించడానికి కావలసిన ఆ ఒక్క మాటా ఆవిడ బయటపెట్టలేదు. అది నన్ను కాపాడటానికేనని నాకు అర్థం కావడానికి నెలలు పట్టింది. ఈలోపు మా చుట్టాలందరిలో అత్తయ్యకి ఐసీయూ తర్వాత మతి కొంచెం తేడా చేసిందన్న పేరు స్థిరపడిపోయింది.

ఆ రోజుల్లో రాత్రిళ్ళు ఫోన్లో వెతుక్కుంటూ చదివేదాన్ని. తెలుగు బీఏ చదివినదాన్ని కదా, నా బుర్ర ముందు మాటల మీదకే పోతుంది. మనకి అన్నిటికీ ఒకటే మాట, మత్తు. పన్ను పీకేముందు ఇచ్చేదీ మత్తే, నడుంలో సూది వేసేదీ మత్తే, ఆపరేషన్ టేబుల్ మీద నిద్రపుచ్చేదీ మత్తే. కానీ ఆ చివరి దాంట్లో మూడు వేరు వేరు పనులున్నాయి. ఒకటి నిద్ర, రెండోది నొప్పి తెలియకపోవడం, మూడోది కండరాలు సడలిపోయి కదలకుండా ఉండటం. ఈ మూడింటికీ మూడు రకాల మందులు. మూడో రకం మందుకి మొదటి రెండు పనులూ చేతకావు. అది నరం నుంచి కండరానికి కబురు వెళ్ళే చోట అడ్డుపడుతుంది, అంతే. మెదడుని తాకదు. నొప్పిని తగ్గించదు. రెప్ప కూడా ఎత్తలేని స్థితిలో చెవులు వింటూనే ఉంటాయి.

ఈ మందుల మూలం దక్షిణ అమెరికా అడవుల్లో బాణాల కొసలకి పూసే క్యురారే అనే విషం. 1942లో మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్ అనే డాక్టరు దాన్ని ఆపరేషన్లో వాడి చూపించాక ప్రపంచమంతా అందుకుంది. అప్పట్లో కొందరు దీనివల్ల నిద్ర కూడా వస్తుందేమో అనుకున్నారట. తేల్చడానికి 1947లో అమెరికాలోని యూటాలో స్కాట్ స్మిత్ అనే డాక్టరు తనకే ఆ మందు ఎక్కించుకున్నాడు, నిద్ర మందు ఏదీ లేకుండా. ఊపిరి కూడా వేరేవాళ్ళు కొట్టాల్సినంతగా శరీరం మొత్తం పడిపోయింది. మందు దిగాక లేచి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. తెలివి ఒక్క క్షణం కూడా తప్పలేదు. అది చదివిన రాత్రి నేను లేచి వెళ్ళి అత్తయ్య గది తలుపు దగ్గర నిలబడ్డాను. కుర్చీలో కూర్చుని ఉన్నారు, లైటు వెలుగుతోంది. లోపలికి వెళ్ళలేకపోయాను.

2024 ఫిబ్రవరిలో ఆవిడకి కడుపునొప్పి మొదలైంది. పిత్తాశయంలో రాళ్ళు. ఒకసారి వాచి జ్వరం కూడా వచ్చింది. తీసేయాలి, పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి చేస్తాం, కానీ దానికి పూర్తి మత్తు, గొంతులో గొట్టం తప్పవు అన్నారు సర్జన్. అత్తయ్య ఒకటే మాట. "చచ్చిపోతాను కానీ మళ్ళీ ఆ సూది వేయించుకోను." రెండు నెలలు నూనె లేని కూరలతో నెట్టుకొచ్చారు. మా వారు బతిమాలారు, కోప్పడ్డారు, తెనాలి నుంచి ఆడపడుచుని పిలిపించారు. కదల్లేదు ఆవిడ. ఏప్రిల్‌లో మళ్ళీ నొప్పి వచ్చి రాత్రంతా మెలికలు తిరిగిపోయారు.

తెల్లారి నేనే అన్నాను, "మత్తు డాక్టరుతో ఒక్కసారి మాట్లాడదాం అత్తయ్యా. ఆపరేషన్ సంగతి తర్వాత. ఊరికే మాట్లాడదాం."

వేరే ఆసుపత్రికి వెళ్ళాం. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు చూసే పరీక్ష ఒకటుంటుంది కదా, మామూలుగా ఐదు నిమిషాల్లో అయిపోతుంది: షుగరుందా, బీపీ ఉందా, కట్టుడు పళ్ళున్నాయా, ఇక్కడ సంతకం పెట్టండి. ఆ డాక్టరమ్మకి నా వయసే ఉంటుంది. "ఇంతకుముందు మత్తు ఇచ్చినప్పుడు ఏమైనా ఇబ్బందైందా అమ్మా?" అని అడిగింది. అత్తయ్య నా వైపు చూశారు. మా వారు అందుకుని, "ఐసీయూలో కొంచెం భ్రమలు..." అని మొదలెట్టారు.

"భ్రమలు కాదు," అన్నాను.

చెప్పేశాను. కేకు సంగతి, గుండె 140 సంగతి, కంట్లో నీరు సంగతి. ఆ తర్వాత, చెప్పకపోతే ఆ సాక్ష్యం సగమే అవుతుందని, నేను మా అక్కతో అన్న మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. మా వారి మొహం చూడలేదు, బల్ల మీదున్న పెన్ను స్టాండుని చూస్తూ చెప్పాను. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు.

అత్తయ్య అన్నారు, "నిజమేనమ్మా. అలసిపోయి అంది. అందులో తప్పేముంది?"

డాక్టరమ్మ కుర్చీ జరుపుకుని అత్తయ్య దగ్గరగా వచ్చింది. "అమ్మా, మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను. మీకు జరిగింది కల కాదు. అలా జరిగి ఉండకూడదు," అంది. మా అత్తయ్య అప్పుడు ఏడ్చారు. ఐసీయూ నుంచి వచ్చాక ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

మేం ఫైలు తీసుకెళ్ళాం కాబట్టి చిన్న ఆసుపత్రి వాళ్ళు రాసిచ్చిన కాగితం అందులో ఉంది. డాక్టరమ్మ అది చదివి టైములు చూపించింది. గొట్టం వేసేటప్పుడు ఎటోమిడేట్ అనే నిద్ర మందు, రోకురోనియం అనే కండరాలు సడలించే మందు, రెండూ ఒకేసారి ఇచ్చారు. నిద్ర మందు పని ఐదు పది నిమిషాలు. రెండోది పెద్ద మోతాదులో ఇస్తే, అందులోనూ ఈ వయసులో, గంట పైనే. మధ్యలో నిద్ర మందు ధారగా ఎక్కుతూ ఉండాలి. ఆ కాగితంలో మళ్ళీ నిద్ర మందు కనిపించేది పెద్దాసుపత్రికి చేరాక, గంట తర్వాత. "కావాలని ఎవరూ చేయరండీ. ఊపిరి పోతున్న మనిషిని కాపాడే కంగారులో గొట్టం పడగానే అమ్మయ్య అనుకుంటారు. పేషెంటు కదలదు కాబట్టి నిద్రపోతోందనే అనుకుంటారు. కదలకపోవడానికి కారణం వేరే మందని గుర్తుండదు," అంది.

అత్యవసర విభాగాల్లో ఇది ఎంత తరచుగా జరుగుతుందో అమెరికాలో సెయింట్ లూయిస్‌లో లెక్క చూశారు. 2021లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 383 మందిని అడిగితే 10 మంది తమకి తెలివి ఉండగా శరీరం కదలలేదని చెప్పారు. ఆపరేషన్ థియేటర్లో ఇది చాలా అరుదు. బ్రిటన్, ఐర్లండ్‌లలో దేశమంతా లెక్క తీసి 2014లో వేసిన నివేదిక ప్రకారం, తమకి తెలిసిందని తమంతట తాము చెప్పినవాళ్ళు పూర్తి మత్తు ఇచ్చిన ప్రతి 19,000 మందిలో ఒకరు. కండరాల మందు వాడితే 8,000 మందిలో ఒకరు, వాడకపోతే 1,36,000 మందిలో ఒకరు. ఈ రెండు అంకెల మధ్య తేడా చూడండి, కథంతా అందులోనే ఉంది. పూర్తి మత్తిచ్చి చేసే సిజేరియన్‌లో మాత్రం 670 మందిలో ఒకరు. ఇది చదివి గర్భిణులెవరూ భయపడకండి. మన దగ్గర ఎక్కువ సిజేరియన్లు నడుంలో సూది వేసే చేస్తారు. అక్కడ మెలకువగా ఉండటం మామూలే, నోరు ఆడుతుంది, నొప్పి తెలిస్తే చెప్పగలం.

చెప్పగలగడమే ముఖ్యం. 2022లో గాంధీ ఆసుపత్రిలో ఒక పెద్దావిడకి మెలకువగా ఉంచి మెదడు ఆపరేషన్ చేశారు, చిరంజీవి 'అడవి దొంగ' సినిమా చూపిస్తూ. పేపర్లో మీరూ చూసే ఉంటారు. ఆవిడ కబుర్లు చెబుతూ చేయించుకుంది. మా అత్తయ్యకి కత్తి కూడా తగల్లేదు, గొట్టమే. కానీ ఒక్క వేలు కదిపి నేనున్నాను అని చెప్పే దారి లేదు.

డాక్టరమ్మకి మాటకారితనం ఉంది. అత్తయ్య భయం తగ్గించడానికి హైదరాబాదు కథ ఒకటి చెప్పింది. నాకు అంతకుముందు తెలియదు. మనకి ఉస్మానియా ఆసుపత్రి ఉంది కదా, దాని పూర్వపు రూపం అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి. అక్కడ రూపాబాయి ఫర్దూన్‌జీ అని ఒక పార్సీ డాక్టరమ్మ క్లోరోఫాం ఇచ్చేది. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టరు ఆవిడేనంటారు. ఆవిడ చదువుకున్న హైదరాబాద్ మెడికల్ స్కూలుకి ఎడ్వర్డ్ లారీ అధిపతి. క్లోరోఫాం వల్ల జనం ఎందుకు చచ్చిపోతున్నారో తేల్చడానికి 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు వేశారు. ఖర్చు నిజాం ప్రభువు మహబూబ్ అలీ ఖాన్‌ది. ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలి అని లారీ గారి వాదన. గుండె సంగతేమిటని బయటివాళ్ళు ఒప్పుకోలేదు, ఆ తగవు చాలా ఏళ్ళు నడిచింది. అది వదిలేయండి.

"రూపాబాయి గారి కాలంలో ఒక సౌకర్యం ఉండేదమ్మా," అంది డాక్టరమ్మ. "మత్తు చాలకపోతే పేషెంటు మూలిగేది, కాలు విదిల్చేది. ఇంకో నాలుగు చుక్కలు వేసేవారు. పేషెంటు ఒళ్ళే గంట కొట్టేది. ఈ సడలింపు మందులొచ్చాక ఆ గంట పోయింది. ఆ గంట బదులు మేం వేరే గంటలు కట్టుకోవాలి. మీకు ఏమేం కడతానో చెప్తాను, వినండి."

నలభై నిమిషాలు చెప్పింది. బయట క్యూలో వాళ్ళు తలుపు తోసి తోసి చూస్తున్నారు. నిద్ర మందు ముందు. అత్తయ్యని పేరు పెట్టి పిలిచి, రెప్ప తాకి చూసి, నిజంగా నిద్రపోయాకే రెండోది. సిరంజిల మీద పేర్లు రంగు కాగితాలతో అతికించి ఉంటాయి, ఒకటి బదులు ఇంకోటి వెళ్ళిపోకుండా. ఆ తర్వాత నిద్ర గాలి రూపంలో ఇస్తారు. అత్తయ్య వదిలే ఊపిరిలో ఆ మందు ఎంతుందో మిషను ప్రతి శ్వాసకీ కొలుస్తుంది, తగ్గితే మోత మోగుతుంది. మందు సీసా ఖాళీ అయినా అక్కడ పట్టుబడుతుంది. నరంలోకి ఎక్కించే మందైతే, సూది ఉన్న చేయి గుడ్డల కింద కప్పకుండా కనపడేటట్టు ఉంచాలట, ఎందుకంటే సూది జారి మందంతా చర్మం కిందకి పోయిన సందర్భాలున్నాయి. నుదుటికి ఒక పట్టీ అతికిస్తారు, బిస్ అంటారు, మెదడు కరెంటుని చదివి అంకె చూపిస్తుంది. ఆపరేషన్‌లో 40కీ 60కీ మధ్య ఉండాలి.

"ఆ అంకె ఉంటే చాలు కదా?" అన్నారు మా వారు, మొత్తం మీద నోరు తెరిచి. సాఫ్ట్‌వేరు మనిషి, అంకె కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది.

చాలదట. ఆస్ట్రేలియాలో పదిమంది ఇష్టపూర్వకంగా మెలకువలోనే సడలింపు మందు వేయించుకుంటే, పూర్తి తెలివిలో ఉన్నా ఆ అంకె కిందికి పడిపోయిందట. 2015లో అచ్చయింది. "ఏ ఒక్క గంటనీ నమ్మను. అన్నీ పెట్టుకుని, మధ్యలో నేను కూర్చుంటాను," అంది. గుండె వేగం, బీపీ, చెమట, కన్నీరు కూడా చూస్తారు కానీ అవి ఉంటే అనుమానించాలి, లేవని నిశ్చింతగా ఉండకూడదు. చివర్లో ఇంకొకటి: నిద్ర లేపేముందు సడలింపు పూర్తిగా దిగిందా లేదా అని మణికట్టు దగ్గర నరానికి చిన్న కరెంటు ఇచ్చి బొటనవేలు ఎగురుతుందో లేదో చూస్తారు. లేకపోతే తెలివి ముందు వచ్చి కదలిక వెనక వస్తుంది, మళ్ళీ అదే నరకం. అవసరమైన దానికంటే ఎక్కువ సడలింపు మందే ఇవ్వను అని కూడా చెప్పింది.

అత్తయ్య అన్నీ విని ఒకటే అడిగారు. "నాకు తెలిసిపోతే నీకెలా చెప్పనమ్మా?"

డాక్టరమ్మ బీపీ మిషను పట్టీ తీసి ఆవిడ ముంజేతికి చుట్టింది. ఇలా బిగించి ఆ తర్వాత సడలింపు మందు ఇస్తే, మందు ఈ చేతిలోకి వెళ్ళదు, చేయి కదులుతుంది, "నా వేలు నొక్కండి" అంటే నొక్కగలరు. 1977లోనే టన్‌స్టల్ అనే డాక్టరు సిజేరియన్లప్పుడు దీన్ని వాడారట. ఇప్పుడు ఎక్కువగా పరిశోధనల్లో వాడతారు, అందరికీ కట్టరు, ఎక్కువసేపు ఉంచడం కుదరదు కూడా. "కానీ మీరు నిద్రపోయే దాకా మీ చేయి నా చేతిలో ఉంటుంది," అంది. అత్తయ్య ఆవిడ వేలు గట్టిగా నొక్కి చూశారు, బేరంలో కొబ్బరికాయ చూసినట్టు. "సరే," అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఎవరం మాట్లాడలేదు. కొత్తగూడ దగ్గర సిగ్నల్ పడింది. "ఇన్నాళ్ళూ అమ్మకి మతి తప్పిందనుకున్నాను," అన్నారు మా వారు. నాతో అన్నారో, స్టీరింగుతో అన్నారో. వెనక సీట్లోంచి అత్తయ్య, "పచ్చలైటు పడింది, పద," అన్నారు.

ఆయన నాతో మామూలుగా మాట్లాడటానికి వారం పట్టింది. నాకు ఆ వారం న్యాయంగానే అనిపించింది. ఇప్పుడు ఇంట్లో ఒక మనిషి పెట్టాం, అత్తయ్య పనులకి పొద్దున పూట వస్తుంది. ఆ ఏర్పాటు రెండేళ్ళ కిందటే చేసి ఉంటే ఆ ఫోన్‌లో నేను ఏం మాట్లాడేదాన్నో అనుకుంటూ ఉంటాను.

ఆపరేషన్ ముందు రోజు రాత్రి అత్తయ్యకి నిద్ర పట్టలేదు. నేనూ పక్కన కూర్చున్నాను. "ఆ బండిలో అంతసేపు ఎలా ఉన్నారత్తయ్యా?" అని అప్పుడు అడగగలిగాను.

"మొదట్లో కేకలు పెట్టాను, లోపలే. ఎవరికీ వినపడవు కదా. గొట్టం గొంతులో పుల్ల పెట్టి తిప్పినట్టుండేది. ఇక ఇలా కాదని పూలు కట్టుకున్నాను," అన్నారు.

తెనాలిలో వాళ్ళ పెరట్లో మల్లెపందిరి ఉండేది. చిన్నప్పటి నుంచీ చేయి ఖాళీగా ఉంటే పూలు కట్టడమే. అటు రెండు, ఇటు రెండు, ఒక ముడి. మనసులోనే దారం తీసుకుని, నాలుగు పూలు, ఒక ముడి, మళ్ళీ నాలుగు పూలు, ఒక ముడి. మధ్యలో బండి కుదిపితే ముడి జారిపోయేదట, మళ్ళీ వేసుకునేవారట. ఆసుపత్రి చేరి కొత్త మందు ఎక్కేసరికి ఏడు మూరలయ్యాయి.

"నువ్వు కన్నీళ్ళు తుడిచినప్పుడు నాలుగో మూరలో ఉన్నా," అన్నారు.

నేను క్షమించమని అడిగాను. ఆవిడ "ఊరుకో" అన్నారు. క్షమించానని అనలేదు. నేను మళ్ళీ అడగలేదు.

ఎవరైనా ఇంట్లోవాళ్ళని అంబులెన్సులో మిషను మీద మార్చాల్సి వస్తే అడగండి, నిద్ర మందు పంపులో నడుస్తోందా, దారిలో అయిపోతే ఇంకో సిరంజి ఉందా అని. కసురుకున్నా అడగండి. ఇంతకుముందు ఇలా జరిగిన మనిషైతే మత్తు డాక్టరుకి ముందే చెప్పి తీరాలి. మనిషి పక్కన కూర్చున్నప్పుడు పేరు పెట్టి పిలిచి, ఇక్కడున్నాం, బండి ఫలానా చోట ఆగింది, భయం లేదు అని చెబుతూ ఉండండి. ఐసీయూ నుంచి వచ్చినవాళ్ళు ఏదైనా విన్నామంటే, ఏం విన్నారో మొత్తం చెప్పనివ్వండి.

ఆపరేషన్ రోజు పొద్దున్న థియేటరు తలుపు దాకా వెళ్ళాను. డాక్టరమ్మ ఆకుపచ్చ టోపీతో బయటికొచ్చి అత్తయ్య చేయి పట్టుకుంది. నేను పూల సంగతి ఆవిడ చెవిలో వేశాను. తలూపింది. గంటన్నర పట్టింది. నేను బయట కూర్చుని విష్ణు సహస్రనామం మొదలెట్టి మూడుసార్లు మధ్యలో తప్పాను. మా వారు కాఫీ తెచ్చి ఇచ్చారు. ఇద్దరం ఒకే కప్పులో తాగాం, రెండోది ఆయన దారిలో ఒలకబోసుకొచ్చారు.

రికవరీ గదిలోకి పిలిచేసరికి అత్తయ్య కళ్ళు తెరిచి ఉన్నారు. గొంతు బొంగురు. మా వారు నుదురు తడిమారు. డాక్టరమ్మ ఒకసారి వచ్చి అడిగింది, "నిద్రపోయేముందు చివరగా గుర్తున్నదేంటమ్మా? లేచాక మొదట గుర్తున్నదేంటి? మధ్యలో ఏమైనా?" మర్నాడు మళ్ళీ వచ్చి అదే అడుగుతానంది.

ఆవిడ వెళ్ళాక నేను వంగి, "పూలు కట్టారా అత్తయ్యా? ఎన్ని మూరలు?" అన్నాను.

అత్తయ్య కాసేపు ఆలోచించారు. "ఎక్కడిదే," అన్నారు, "ఆ పిల్ల నా చేయి పట్టుకుని పూలు కట్టమంది. దారం తీసుకున్నాను. మొదటి ముడి కూడా పడలేదు."